కంగారు కోడి ఆఖరి పేజీ

ఇస్త్రీ కొట్టు పైగది,
జూన్ నెల, ఆదివారం

తమ్ముడూ, నూరేళ్ళు చల్లగా ఉండు.

ముందు నీ మోకాలు ఎలా ఉందో రాయి. మెట్లు దిగేటప్పుడు పట్టేసేది ఎడమదే కదా? కుడిది కూడా మొదలుపెట్టిందా? చెవిలో గుయ్యిమంటోందన్నావు, తగ్గిందా? మీ మేనేజరుగారి బీపీ ఎలా ఉంది? ఆ రోజు ఆయన మొహం కందిపోవడం కళ్ళారా చూశాను, నా వల్లే పెరిగిందేమోనని గుబులుగా ఉంది. ఎదురింటి టీచరమ్మ కాలికి కట్టు విప్పారా? వంటింటి కిటికీలోంచి దూకే బూడిదరంగు పిల్లి ఈనిందా? పిల్లలన్నీ కళ్ళు తెరిచాయా? నీ ఈత క్లాసు పిల్లలకి జలుబులూ దగ్గులూ లేవు కదా? నా ఆరోగ్యం అడిగావు కనుక చెప్తున్నాను. నువ్వు అడగలేదనుకో. అయినా చెప్తున్నాను. నడుం నొప్పి ఉంది. అది పాతదే, దానికీ నాకూ అలవాటైపోయింది.

ఫోన్ చెయ్యొద్దన్నావు, చెయ్యడం లేదు. "ఉత్తరం రాయక్కా, రాసేటప్పుడైనా కాస్త ఆగి ఆలోచిస్తావు" అన్నావు. నాలుగో క్లాసుతో బడి మానేసినదాన్ని, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూనే ఉన్నాను. ఆగినకొద్దీ ఆలోచనలు ఎక్కువౌతున్నాయి తప్ప తగ్గడం లేదు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నేను చేసింది అంత పెద్ద తప్పా? మరదలు పోయాక నువ్వు ఒంటిగాడివైపోయావని వచ్చాను. వండిపెట్టాను. వానలో బండి మీద వెళ్తావని తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను, నిజమే. నువ్వు పిల్లలకి ఈత నేర్పుతుంటే గట్టు మీద కూర్చుని "లోతుకి పోకండి, లోతుకి పోకండి" అని మొత్తుకున్నాను, అదీ నిజమే. ఆ చివరి రోజు మాత్రం నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. పిల్లలు వెళ్ళిపోయారు. నేను తువ్వాలు పట్టుకుని వచ్చేసరికి నువ్వు కొలను మధ్యలో వెల్లకిలా, చేతులు బార్లా చాపి, కళ్ళు మూసుకుని. పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. పలకలేదు. అరిచాను. ఆ తర్వాత ఈల వెయ్యమని నేను చెప్పలేదు, మేనేజరుగారిని బూట్లతో దూకమనీ చెప్పలేదు, అంబులెన్సు ఎవరు పిలిచారో నాకు తెలీనే తెలీదు. చెవులు నీళ్ళలో ఉంటే పిలుపు వినపడదని నాకెవరు చెప్పారు?

"నేను పిలిచేదాకా రావద్దు" అన్నావు. బస్సెక్కించి, టికెట్టు చేతిలో పెట్టి, కిటికీ పక్కన నిలబడి కూడా నా మొహం చూడలేదు. ఎప్పుడు పిలుస్తావు? తారీఖు చెప్పక్కర్లేదు. పిలుస్తానని రాస్తే చాలు.

నీ అక్క


ఈతకొలను ఆఫీసు గది,
జూన్, శుక్రవారం

అక్కా,

మోకాలు అలాగే ఉంది. చెవి తగ్గింది. మేనేజరుకి బీపీ నిన్ను చూడకముందు నుంచే ఉంది. టీచరమ్మకి కట్టు విప్పారు, కుంటుతూ వాళ్ళ అత్తగారిని తిడుతోంది, అంటే కులాసాయే. పిల్లి ఈనలేదు. అది మగపిల్లి.

ఇక్కడ నా పేరు 'శవం మాస్టారు' అయింది. టికెట్లిచ్చే అతను పొద్దున్నే "మాస్టారూ, ఇవాళ బతికే ఉన్నారా?" అంటాడు. మేనేజరు బూట్లు ఇంకా ఎండలేదట, నా కళ్ళ ముందే ఎండలో పెడుతున్నాడు. పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకడు నీళ్ళ మీద తేలతాడు, ఒకతె గట్టు మీద నిలబడి నీ గొంతుతో "అయ్యో తమ్ముడూ!" అంటుంది. అందరూ నవ్వుతారు. నవ్వకపోతే బాగోదని నేనూ నవ్వుతాను.

నువ్వు తప్పు చేశావనను. కోపం ఉందా అంటే ఉంది. దేని మీదో సరిగ్గా చెప్పలేను. ఇప్పుడప్పుడే రావద్దు.

దీంతోపాటు ఒక పుస్తకం పంపుతున్నాను. పెద్దదేం కాదు, బొమ్మలున్నాయి. ఊరికే చదువు. చదివి నీకేమనిపించిందో రాయి. పేజీ పేజీకీ రాసినా విసుక్కోను.

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు పైగది,
జూలై, బుధవారం

తమ్ముడూ, కులాసాగా ఉండు.

పుస్తకం చేరింది. చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. అట్ట మీద కోడి! మెడ సాచి, రెక్కలు విదిల్చి, కళ్ళు ఇంతింత చేసుకుని పరిగెడుతోంది. దాని పేరు కంగారు కోడి! ఏరా, లోకంలో నీకు ఇంకో పుస్తకం దొరకలేదా? కింద ఇస్త్రీ కొట్టు ఆవిడ చూసి "పిన్నిగారూ, ఫొటో బాగా పడింది, ఎక్కడ తీయించుకున్నారు?" అంది. పుస్తకం మంచం కింద పడేశాను.

అక్కడ పడేస్తే మాత్రం నాకు ఊరుకోబుద్ధి కాదు కదా. చెదలు పడతాయేమో, నువ్వు అడిగితే ఏం చెప్పాలో అని తీశాను. తీశాక చదివాను. కష్టమైన మాట వస్తే కిందికి వెళ్తాను. ఆవిడ ఒక చేత్తో ఇస్త్రీ పెట్టె పట్టుకునే చదివి పెడుతుంది. ఇదంతా చైనాలో ఎప్పుడో వేల ఏళ్ళ కింద పెద్దవాళ్ళు చెప్పిన సంగతులట. తావో అంటారట. తావో అంటే దారి అట. ఏ దారి, ఎక్కడికి పోయే దారి, అది రాసినాయన చెప్పడు. అసలు మాటల్లో పెట్టడం కుదరదంటాడు. కుదరనప్పుడు పుస్తకం ఎందుకు వేశాడో!

కోడికి ఒక గేదె స్నేహితురాలు. గేదెకి దేనికీ తొందర లేదు. వాన వస్తే తడుస్తుంది, ఎండొస్తే ఆరుతుంది. దానికి జ్వరం వస్తుందని ఎవరూ ఆలోచించరు. కోడి గింజలు నాటి, మొలక వచ్చిందో లేదోనని రోజూ పొద్దున్నే తవ్వి చూస్తుంది. గేదె అంటుంది, "అది రావాలనే అనుకుంటోంది. బయట నీ మొహం చూసి జడుసుకుని లోపలే ఉండిపోతోంది." నాకు నవ్వు రాలేదు. ఇస్త్రీ ఆవిడకి వచ్చింది. నా వైపు చూసి నవ్వింది.

తర్వాత గిన్నె పాఠం. గిన్నెలో మనకి పనికొచ్చేది గిన్నె కాదట, దాని లోపలి ఖాళీయట. ఇంట్లో మనం ఉండేది గోడల్లో కాదు, గోడల మధ్య ఖాళీలోనట. కోడి ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. నా గది చూడు. మంచం, కుర్చీ, స్టవ్వు తీసేస్తే మిగిలిందంతా ఖాళీయే. ఏం పనికొచ్చింది? ఇప్పటికీ చెయ్యి అలవాటున ఇద్దరికి వండేస్తున్నాను. రెండో కంచం ఎవరూ ముట్టకపోయినా కడిగి బోర్లిస్తున్నాను. కింద ఇస్త్రీ పెట్టెల వేడికి నా గది నేల గోరువెచ్చగా ఉంటుంది. మధ్యాహ్నం పూట అరికాళ్ళు నేలకి ఆనించి కూర్చుంటాను. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది. కొట్టు మూశాక నేల చల్లబడిపోతుంది. ఈ సంగతి మీ గేదెకి తెలీదు.

నేను రావడం గురించి నువ్వేం రాయలేదు.

నీ అక్క


ఈతకొలను ఆఫీసు గది,
జూలై, శనివారం

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గేదె జ్వరం దగ్గర గట్టిగా నవ్వాను. మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు, నాకేదో అయిందనుకుని. నీ జబ్బు ఆయనకి అంటుకుంది.

గింజలు చివరికి మొలిచాయా? తర్వాత కోడి ఏం చేసింది? రాయి.

నువ్వు ఎప్పుడూ అడిగేదానివి, నీళ్ళలో మనిషి ఎలా తేలతాడురా అని. నేను మొదటి రోజు పిల్లలకి ఈత నేర్పను. పడుకోవడం నేర్పుతాను. చేతులు వదులుతారు, కాళ్ళు వదులుతారు, మెడ మాత్రం వదలరు. తల పైకెత్తి పట్టుకునే ఉంటారు, మునిగిపోతామని. ఆ పట్టుకోవడం వల్లే మునుగుతారు. "నీళ్ళు మోస్తాయి, నువ్వు మొయ్యకు" అంటాను. ఒక్క క్షణం నమ్మి మెడ వదిలితే చాలు, కాళ్ళు వాటంతటవే పైకొస్తాయి. మీ కోడికి మెడ వదలడమే రావడం లేదనుకుంటాను.

రెండో కంచం కడగడం మానెయ్. లేదా అందులో ఎవరికైనా పెట్టు.

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు పైగది,
ఆగస్టు, మంగళవారం

తమ్ముడూ, సుఖంగా ఉండు. మోకాలి సంగతి రాయలేదు ఈసారి.

నా కొంప మునిగింది. కొంప అంటే నాది కాదు, కింద ఆవిడది.

పుస్తకంలో ఒక చోట, ఏదీ బలవంతంగా చెయ్యకు, జరిగేదాన్ని జరగనీ, పని దానంతటదే అవుతుంది అని ఉంది. సరే, నేనూ మెడ వదులుదామనుకున్నాను. బజారుకి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ గొళ్ళెం లాగి చూస్తాను, కిటికీ నొక్కి చూస్తాను, మెట్లు దిగి మళ్ళీ ఎక్కి చూస్తాను. ఆ రోజు చూడలేదు. పక్షిలాగా వెళ్ళిపోయాను. ఎంత తేలిగ్గా ఉందో తెలుసా! వాన వచ్చింది. జరగనీ అనుకుని షాపు అరుగు మీద నిలబడి వాన చూశాను, నవ్వుకుంటూ. తిరిగొచ్చేసరికి నా కిటికీ బార్లా తెరిచి ఉంది. నా గదిలో పడ్డ వానంతా చెక్కనేల పలకల సందుల్లోంచి కిందికి కారి, ఎవరివో పెళ్ళిబట్టలు, ఇస్త్రీ చేసి మడతపెట్టినవి, ముద్దముద్ద.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "పిన్నిగారూ, ఏమిటిది?" అంది. "జరగనిచ్చానమ్మా" అన్నాను, నోరు జారి. "నీళ్ళు ఎప్పుడూ పల్లానికే పోతాయని నేనే చదివి వినిపించాను కదా మీకు! ఆ పల్లంలో ఉన్నది నా కొట్టు!" అంది. ఎలాగో ఇద్దరం కూర్చుని మళ్ళీ అన్నీ ఆరబెట్టి ఇస్త్రీ చేశాం. నాకూ ఒక పెట్టె ఇచ్చింది. మొదట్లో ముడత పోయిందా లేదా అని ఎత్తెత్తి చూస్తుంటే, "నొక్కకండి, పెట్టె బరువు పెట్టెదే, మీరు ఊరికే నడపండి" అంది. నీ మాటలాగే అనిపించింది.

అయితే ఒక విచిత్రం. పొద్దున పాలు తోడుపెట్టి ఆ గొడవలో మర్చిపోయాను. నా పెరుగు సంగతి నీకు తెలుసు, జీవితంలో ఒక్కసారి గట్టిగా తోడుకోలేదు. గంటగంటకీ మూత తీస్తాను, గిన్నె వంచి చూస్తాను, వేలు పెడతాను. మన ఇంట్లో అందరూ నా చేతి పెరుగు తాగేవారు, తినేవారు కాదు. ఆ సాయంత్రం మూత తీస్తే గిన్నె వంచినా కదల్లేదు! గరిట పెడితే గుంట పడింది! కిందికి పట్టుకెళ్ళి ఆవిడకి చూపించాను. ఇంకా కోపంగానే ఉంది, అయినా రెండో కంచంలో పెడితే తింది.

గింజలు మొలిచాయి. కోడికి జబ్బు చేసి కొన్నాళ్ళు తవ్వలేదు, అప్పుడు మొలిచాయి.

ఇప్పుడు నాదొక ప్రశ్న. కోడి ఏం చేసిందని నన్నడుగుతావేం? పుస్తకం పంపింది నువ్వు. నువ్వు చదవలేదా?

నీ అక్క


ఇల్లు,
సెప్టెంబరు

అక్కా,

చదివేముందు కూర్చో. కూర్చున్నావా? ఎవరికీ ఏమీ కాలేదు.

చదవలేదు. ఆ పుస్తకం నీ మరదలిది. ఆస్పత్రిలో ఉండగా ఒక నర్సు ఇచ్చింది. మంచం మీద పడుకుని చదువుకుంటూ నవ్వేది. "ఇటు రండి, కోడి ఏం చేసిందో వినండి" అనేది. "క్లాసుకి టైమైంది, సాయంత్రం వింటాలే" అనేవాణ్ణి. సాయంత్రానికి నిద్రపోయి ఉండేది. తను పోయాక చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను, అట్ట తిప్పలేకపోయాను. నువ్వు చదివి రాస్తే కోడి మాటలు నీ గొంతుతో నా దగ్గరికి వస్తాయనిపించింది. నీకు బుద్ధి చెప్పడానికి పంపాననుకున్నావు. అనుకోనిచ్చాను.

ఇంకొకటి. చెవులు నీళ్ళలో ఉంటే పిలుపు వినపడదని నువ్వు అందరికీ చెప్పుకున్నావు. నేనూ అదే చెప్పాను. వినపడుతుందక్కా. గోడ అవతల నుంచి పిలిచినట్టు, మెత్తగా వినపడుతుంది. నీ మొదటి పిలుపు విన్నాను. రెండోదీ విన్నాను. లేవబుద్ధి కాలేదు. చచ్చిపోదామని కాదు, అలా అనుకోకు. లేచి ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. గట్టు మీద తువ్వాలుంది, ఇంట్లో అన్నముంది, అక్క ఉంది. అయినా లేవడానికి ఒక్క కారణం కనపడలేదు. నువ్వు అంత గట్టిగా అరవకపోతే ఎంతసేపు అలాగే ఉండేవాణ్ణో నాకు తెలీదు.

నువ్వు పొరపాటు పడ్డావని అందరూ నవ్వారు. నువ్వు పొరపాటు పడలేదు. నా కోపం అందుకు.

ఆ రోజు నుంచి నేను నీళ్ళలోకి దిగలేదు. మోకాలు నొప్పని చెప్పి గట్టు మీద నిలబడే నేర్పుతున్నాను. మెడ వదలమని పిల్లలకి చెప్తాను, నేను వదిలితే మళ్ళీ ఏమవుతుందోనని నాకే భయం.

ఇది చదివి బస్సెక్కకు. నువ్వొస్తే నేను బాగున్నట్టు నటించాలి. ఆ ఓపిక ఇప్పుడు లేదు.

తమ్ముడు


బస్టాండు, బెంచీ మీద,
సెప్టెంబరు, గురువారం

తమ్ముడూ,

సంచీ సర్దుకుని వచ్చేశాను. టికెట్టు ఇంకా కొనలేదు. మీ ఊరి బస్సు ఇంకాసేపట్లో వస్తుంది. నీ ఉత్తరం జాకెట్లో ఉంది, కాగితం గుచ్చుకుంటోంది.

నాకు ఒక్క సంగతి ఎవరైనా చెప్తే బాగుండు. కిటికీని పట్టించుకోకుండా వదిలేశాను, కింద కొట్టు తడిసిపోయింది. పాలగిన్నెని పట్టించుకోకుండా వదిలేశాను, జన్మలో కానిది పెరుగైంది. ఒరేయ్, నువ్వు నాకు కిటికీవా, పాలగిన్నెవా? అది పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఇస్త్రీ ఆవిణ్ణి అడిగాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "మనిషి కదా పిన్నిగారూ, రెండూ అయి ఉంటాడు" అంది.

బస్సు వచ్చింది. కండక్టరు "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు. నా కాలు మెట్టు మీద ఉంది. "మా తమ్ముడు వద్దన్నాడు" అన్నాను. వింతగా చూశాడు. బస్సు వెళ్ళిపోయింది. నేను ఉన్నాను, నా సంచీ ఉంది. గుండె మాత్రం ఆ బస్సులోనే వెళ్ళిపోయినట్టుంది.

గదికొచ్చి మిగతాది రాస్తున్నాను. నువ్వు పిలిచేదాకా రాను. మూత తీసి చూడను. కానీ కిటికీ కూడా తెరిచి వదిలెయ్యను. రోజుకొక కార్డు రాసి పెట్టెలో వెయ్యి. పెద్దగా ఏమొద్దు. 'ఉన్నాను' అని ఒక్క మాట. అది రాస్తే నేను నోరెత్తను. ఇది మాత్రం నా బలవంతమే. మీ చైనా పెద్దలు ఏమనుకున్నా సరే.

మరదలు ఏ పేజీ దగ్గర నవ్విందో నాకు తెలుసు. కోడి గట్టు మీద నిలబడి గేదెకి ఈత నేర్పుతుంది. గేదె హాయిగా నీళ్ళలో ఉంటుంది, కోడి "లోతుకి పోకు, లోతుకి పోకు" అని రెక్కలు కొట్టుకుంటుంది. నన్ను తలుచుకునే నవ్వి ఉంటుంది. నవ్వనీ. ఆ నవ్వులో నేనూ ఉన్నానని తెలిసి ఏడుపొచ్చింది, బాగానే అనిపించింది.

ఇంక ఒక్క పేజీ మిగిలింది. దానికి పిన్ను పెట్టేశాను. నేను చదవను, నీకు రాయను. ఎప్పుడు పిలిస్తే అప్పుడు తెస్తాను. ఇద్దరం చదువుదాం.

నీ అక్క


కార్డుల మీద వచ్చినవి

ఉన్నాను.

ఉన్నాను. వాన.

ఉన్నాను. కార్డులమ్మే అతను "ఏంటి మాస్టారూ, ఈ వయసులో ప్రేమా?" అన్నాడు.

ఉన్నాను. బియ్యం డబ్బా అడుగున ఇంకో తాళంచెవి దొరికింది. ఇది దేనిది?

ఉన్నాను. ఇవాళ రాయాలని లేదు. అయినా ఉన్నాను.

ఉన్నాను. క్లాసయ్యాక మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాను.

ఉన్నాను. నడుం దాకా దిగాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, వెధవలు.

ఉన్నాను. ఆ ఆఖరి పేజీలో బొమ్మ ఉందా, మాటలేనా? అదొక్కటి చెప్పు.


ఇస్త్రీ కొట్టు పైగది,
అక్టోబరు

తమ్ముడూ,

చెప్పను.

తాళంచెవి నా ట్రంకుపెట్టెది. దానికోసం వెతికి వెతికి తాళం పగలగొట్టించాను! దాచింది నేనే కనుక ఎవర్నీ తిట్టడానికి లేకుండా పోయింది.

నిన్న కార్డు రాలేదు. పోస్టు అతన్ని సంచీ బోర్లించి చూపించమన్నాను, చూపించాడు, మంచివాడు. చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. దాన్ని అక్కడే పెట్టి కిందికి వెళ్ళి దుప్పట్లు మడతపెట్టాను. ఎన్ని మడతపెట్టానంటే, "పిన్నిగారూ, చాలు, అవి నా సొంత కర్టెన్లు" అంది ఆవిడ. ఇవాళ రెండు కార్డులు ఒకేసారి వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి పైకే వస్తోంది. రెండో కంచం ఆవిడదైంది. ఖాళీ పనికొచ్చిందని మాత్రం నేననను, ఆ గేదెకి పొగరెక్కుతుంది. ఆవిడ తిని వెళ్ళిపోయాక మళ్ళీ ఎప్పటి గదే. నేల చల్లబడేదాకా కూర్చుంటాను. నువ్వూ ఆ వేళకి నీ ఇంట్లో ఒక్కడివే కూర్చుని ఉంటావు కదా అనుకుంటాను. వేరే వేరే గదుల్లో అయినా ఇద్దరం కూర్చునే ఉన్నాం.

నీ అక్క


ఈతకొలను ఆఫీసు గది,
అక్టోబరు చివర

అక్కా,

ఉన్నాను. ఇవాళ కార్డు చాలలేదు.

కొలను ఖాళీ చేశారు, ఏటా గోడలకి రంగు వెయ్యడానికి చేసేదే. ఎప్పుడూ ఆ రోజుల్లో సెలవు పెట్టి ఇంట్లో ఉండేవాణ్ణి. ఈసారి వచ్చాను. నిచ్చెన దిగి, లోతు వైపు అడుగున, పొడి కాళ్ళతో నిలబడ్డాను. తలెత్తితే గట్టు ఎక్కడో పైనుంది. మాట్లాడితే గోడలకి తగిలి తిరిగొస్తోంది. ఎవరూ లేరు కదా అని నీ మరదల్ని పేరుపెట్టి పిలిచాను. నా పిలుపే నాకు తిరిగొచ్చింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత అక్కడే కూర్చుండిపోయాను. తను పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. రంగువేసే అతను పైనుంచి తొంగిచూసి, టీ గ్లాసుకి తాడు కట్టి దింపాడు.

టీ తాగుతూ గిన్నె పాఠం గుర్తుచేసుకున్నాను. ఇంత ఖాళీ ఉంది కనుకే ఇన్ని నీళ్ళు పడతాయి, ఇంతమంది పిల్లలు పడతారు. నువ్వు ఒప్పుకోకపోతే మానెయ్. నాకు ఆ పూటకి అది చాలింది.

నవంబరు ఆరో తారీఖు ఆదివారానికి కొలను నిండుతుంది. సోమవారం నుంచి జనం. ఆదివారం సాయంత్రం ఎవరూ ఉండరు. మేనేజరుని అడిగాను, మా అక్క వస్తుంది, కాసేపు తలుపు తీసి ఉంచాలని. "మీ అక్కగారా!" అని తన బూట్ల వైపు చూసుకున్నాడు. "అయితే ఆ రోజు నేను చెప్పులేసుకొస్తాను" అన్నాడు.

నేను దిగుతాను. వెల్లకిలా పడుకుని మెడ వదులుతాను. నువ్వు గట్టు మీద కూర్చో. కాసేపయ్యాక పిలువు. ఒక్కసారే. లేస్తాను.

పుస్తకం మర్చిపోకు. పిన్ను తియ్యకు.

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు పైగది,
నవంబరు మొదటి రోజు

తమ్ముడూ, చల్లగా ఉండు.

నీ ఉత్తరం ఇస్త్రీ ఆవిడ చదువుతానంటే ఇవ్వలేదు. నేనే చదువుకున్నాను, ఒక్క మాట దగ్గర కూడా కిందికి వెళ్ళలేదు.

వస్తాను. అరవను. గట్టు అంచున కాదు, వెనక బల్ల మీద కూర్చుంటాను. తువ్వాలు నేనే తెస్తాను, నీ ఇంట్లోవి పల్చగా అరిగిపోయాయి. సాయంత్రం పూట నీళ్ళు చల్లగా ఉంటాయేమో, చెవుల్లోకి దూది కూడా తెస్తాను, పెట్టుకుంటే పెట్టుకో, లేకపోతే లేదు. పెరుగు తోడుపెట్టి తేవాలని ఉంది కానీ బస్సు కుదుపులకి విరిగిపోతుంది. నీ ఇంట్లోనే తోడుపెడతాను. మూత నువ్వు తియ్యి.

ఒక్కసారే పిలుస్తాను. గట్టిగా పిలవను. మామూలుగా, అన్నం వడ్డించి పిలిచినట్టు పిలుస్తాను. నీకు వినపడుతుందని ఇప్పుడు నాకు తెలుసు కదా. నువ్వు వెంటనే లేవకపోతే మాత్రం కాసేపు ఆగుతాను. ఎంతసేపు ఆగగలనో ప్రమాణం చెయ్యలేను. ఆగుతాను.

కిటికీ గొళ్ళెం పెట్టి, ఒక్కసారే లాగి చూసి, బయల్దేరతాను. నాకోసం బస్టాండుకి రావద్దు, మోకాలు. లేదులే, రా. వచ్చే ఆదివారం, ఆరో తారీఖు, పొద్దున పదింటి బస్సు.

నీ అక్క